రాయే కదా అని కొన్నాను... కేసవుతుందా?

ప్రశ్న: మాది విశాఖపట్నం. ఈ మధ్య ఇంట్లో రెండడుగుల ఉప్పునీటి ట్యాంకు మొదలుపెట్టాను. తమిళనాడు తీరం నుంచి ఒకతను వాట్సాప్‌లో ఫొటోలు పెట్టి ఎనిమిది కిలోల లైవ్ రాక్ (ఉప్పునీటి ట్యాంకుల్లో వేసే సముద్రపు రాళ్ళు) అమ్మాడు. తడి కాగితాల్లో చుట్టి, థర్మాకోల్ పెట్టెలో బస్సు పార్శిల్‌లో పంపాడు. మూడు వారాలైంది. ఒక రాయి మీద రూపాయి బిళ్ళంత గోధుమరంగు పగడం ఇంకా బతికే ఉంది. ఇవి ఇంట్లో ఉంచుకోవడం నేరమని స్నేహితుడు భయపెడుతున్నాడు. అమ్మినతను మాత్రం "అది చచ్చిన రాయి సార్, కావాలంటే పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకోండి" అంటున్నాడు. తీసుకెళ్ళి సముద్రంలో వేసేస్తే సరిపోతుందా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఫొటోలు జతపరిచాను.

జవాబు: చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. ఇది మీరు చదివేలోపే బకెట్ పట్టుకుని ఆర్కే బీచ్‌కి బయల్దేరతారేమోనని నా భయం. సముద్రంలో వెయ్యకండి. వెనక్కి పార్శిల్ చెయ్యకండి. ఇంకెవరికీ ఊరికే కూడా ఇవ్వకండి. ఎందుకో కింద చెబుతాను.

మీ స్నేహితుడు చెప్పింది నిజమే. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 అనగానే మనకు పులి, ఏనుగు, నెమలి గుర్తొస్తాయి. అదే చట్టం షెడ్యూల్ 1లోకి, అంటే అత్యధిక రక్షణ ఉన్న జీవుల జాబితాలోకి, 2001లో పగడాలు కూడా చేరాయి. గట్టి పగడాల జాతులన్నీ, నల్ల పగడం, అగ్ని పగడం, సముద్రపు విసనకర్రలు అందులో ఉన్నాయి. 2022 సవరణతో షెడ్యూళ్ళన్నీ మళ్ళీ రాసి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చినా పగడాలు మొదటి షెడ్యూలులోనే ఉన్నాయి. అంటే చట్టం దృష్టిలో మీ ట్యాంకులోని ఆ రూపాయి బిళ్ళకీ, పులికీ ఇచ్చే రక్షణ ఒకటే.

ఇక "చచ్చిన రాయి" సంగతి. మీ మూడో ఫొటోని పెద్దది చేసి చూశాను. రాయి పక్కవైపు నాచు పట్టని చోట తెల్లగా ఉంది కదా, అక్కడ చిన్న చిన్న నక్షత్రాల్లాంటి గుంటలు వరసగా కనిపిస్తున్నాయి. ఒక్కో గుంటలో ఒకప్పుడు ఒక్కో పగడపు జీవి కూర్చునేది. లైవ్ రాక్ అని అమ్మేది చాలావరకు ఇదే, విరిగిపడిన పాత పగడపు అస్థిపంజరం. దాని రంధ్రాల్లో బాక్టీరియా, పురుగులు, పైన ఊదారంగు నాచు కాపురం పెడతాయి కాబట్టి "లైవ్" అన్నారు. మీకు పనికొచ్చేది ఆ బాక్టీరియా, చట్టం చూసేది ఆ అస్థిపంజరం. అటవీశాఖ స్వాధీనం చేసుకున్నాక ముక్కల్ని నిపుణుల పరీక్షకు పంపుతుంది. వాళ్ళకు ఆ గుంటల ఆకారం చాలు. వన్యప్రాణి శరీర భాగం కూడా చట్టం పరిధిలోనిదే కనుక, ప్రాణం పోయిందన్న వాదన మిమ్మల్ని కాపాడదు. ఏ ఆనవాలూ మిగలని అరిగిపోయిన రాయి అయితే కోర్టులో వాదించడానికి కొంత చోటుంది. కానీ మీ దగ్గర బతికున్న పగడమే ఉంది కదా!

ఇప్పుడు సెక్షన్ 39. చట్టానికి విరుద్ధంగా సేకరించిన ఇలాంటివి ప్రభుత్వ ఆస్తి. చేతికి వచ్చిన 48 గంటల్లో దగ్గరి పోలీస్ స్టేషన్‌కో అధీకృత అధికారికో తెలియజేయాలి. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి లేకుండా ఉంచుకోవడమే కాదు, ఇంకొకరికి ఇవ్వడం, నాశనం చేయడం, పాడుచేయడం కూడా కుదరదు. బీచ్, పార్శిల్, దానం వద్దన్నది ఇందుకే. అక్రమంగా మీ దగ్గర ఉందని తేలితే, కాదని నిరూపించుకునే భారం సెక్షన్ 57 ప్రకారం మీ మీదే పడుతుంది. షెడ్యూల్ 1 జీవుల విషయంలో శిక్ష మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ వరకు జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా. కనీస శిక్ష ఉన్న నేరం కాబట్టి డబ్బు కట్టి రాజీ చేసుకునే దారి కూడా లేదు.

రిజిస్ట్రేషన్ మాట అమ్మినతను ఎక్కడో విని మీకు అంటగట్టాడు. కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు అన్నది, అంతరించిపోతున్న జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ జాబితాలోని సజీవ జంతువుల కోసం, అంటే మకావ్ చిలుకలు, ఇగ్వానాల్లాంటి వాటి కోసం వచ్చింది. పగడాలు ఆ జాబితాలోనూ ఉన్నాయి గానీ, ఒకే జీవి షెడ్యూల్ 1లో కూడా ఉంటే షెడ్యూల్ 1 నిబంధనలే వర్తిస్తాయి. 2022లో పెట్టిన స్వచ్ఛంద అప్పగింత సదుపాయం కూడా యాజమాన్య ధ్రువపత్రం ఉన్నవాళ్ళకే. మీ దగ్గర ఉన్నది యూపీఐ రసీదు.

మరేం చేయాలి? 48 గంటలు ఎప్పుడో దాటిపోయాయి. ఇప్పుడు చెప్పినంత మాత్రాన నేరం మాఫీ అయిపోతుందని నేను అబద్ధం చెప్పను. కానీ తనంతట తాను వచ్చి చెప్పినవాడికీ, తనిఖీలో దొరికినవాడికీ బెయిల్ దగ్గర్నుంచి శిక్ష దాకా చాలా తేడా ఉంటుంది. క్రిమినల్ కేసులు చూసే లాయర్ని ఈ వారంలోనే కలవండి. డీఎఫ్ఓకి (డివిజనల్ అటవీ అధికారికి) ఇచ్చే లేఖ ఆయనే రాయాలి, మీరు సొంతంగా రాయకండి. భయంలో అవసరం లేనివి కూడా ఒప్పేసుకుంటూ రాస్తాం. వాట్సాప్ చాట్, పార్శిల్ చీటీ, చెల్లింపు వివరాలు భద్రంగా ఉంచండి. వాటిని చెరిపేస్తే గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టవుతుంది. పైగా అమ్మినవాడి ఆచూకీ చెప్పేవి అవే.

ట్యాంకు మానేయక్కర్లేదు. సిరామిక్‌తోనో సిమెంటుతోనో చేసిన కృత్రిమ రాళ్ళు కొనుక్కోండి. బిల్లు మీద ఏ పదార్థంతో చేసిందో రాయించుకోండి, "ఆక్వేరియం స్టోన్" అని రాసిన బిల్లు ఎందుకూ పనికిరాదు. సిమెంటు రాయి అయితే నీళ్ళు మారుస్తూ కొన్ని వారాలు నానబెట్టాలట, లేకపోతే నీటి పీహెచ్ పెరిగిపోతుందని చేపలు పెంచే నా జూనియర్ చెప్పాడు. బాక్టీరియా సీసాల్లో దొరుకుతుంది. నెలా నెలన్నర ఓపిక పట్టాలి. ఎవరైనా "ఇది ఫిజీ రాక్, ఇంపోర్టెడ్" అంటే నమ్మకండి. ఫిజీ ప్రభుత్వమే 2017 చివర్లో లైవ్ రాక్ ఎగుమతిని నిషేధించింది.

ఒకటి మరిచాను. లేఖ వెళ్ళి అధికారులు వచ్చేదాకా ఆ రాళ్ళను ట్యాంకులోంచి తీయకండి. లైటు, పంపు ఆపకండి. ఆ పగడం మీ చేతుల్లో చనిపోతే దానికీ జవాబు చెప్పుకోవాల్సింది మీరే.