తొక్కిన కాలికే గ్లైకోజెన్ ఎందుకు?

ప్రశ్న: ఒంటికాలితో సైకిల్ తొక్కి కండరంలో గ్లైకోజెన్‌ని, అంటే గ్లూకోజ్ గొలుసులుగా దాచుకున్న చక్కెర నిల్వని, కొలిచారట. ఆ ప్రయోగంలో తేలిందేమిటి? అసలు ఎలా కొలుస్తారు?

జవాబు: 1966లో స్వీడన్ పరిశోధకులు బెర్గ్‌స్ట్రోమ్, హల్ట్‌మన్ చేసిన ప్రయోగం అది. తొక్కింది కూడా వాళ్లే. ఒకే వ్యాయామ సైకిల్‌కి చెరో పక్క కూర్చుని, ఒక్కో కాలితో ఇక చేతకాదనేదాకా తొక్కారు. తొక్కిన కాలి తొడ కండరంలో గ్లైకోజెన్ దాదాపు అడుగంటింది. ఆపైన మూడు రోజులు పిండిపదార్థాలు ఎక్కువగా ఉన్న ఆహారం తిన్నారు. తొక్కిన కాలిలో నిల్వ రెండో కాలికి దాదాపు రెట్టింపైంది, రెండో కాలిలో పెద్ద మార్పే లేదు. రెండు కాళ్లకూ అందింది అదే రక్తం, అదే చక్కెర, అదే ఇన్సులిన్. కాబట్టి కారణం కండరం లోపలే ఉండాలి. ఇంత తక్కువ సరంజామాతో ఇంత గట్టి రుజువు అరుదు.

ఆ కారణాలు తర్వాత తేలాయి. నిల్వ తగ్గితే గ్లైకోజెన్ సింథేజ్ అనే ఎంజైమ్ తన మీది ఫాస్ఫేట్లను వదిలించుకుని చురుకవుతుంది. కండరం సంకోచించినప్పుడు గ్లూట్-4 అనే వాహక ప్రోటీన్లు కణం పైపొరకు చేరతాయి. అందుకే వ్యాయామం ఆపిన తొలి గంటలో ఇన్సులిన్ సాయం పెద్దగా లేకున్నా గ్లూకోజ్ లోపలికి వెళ్తుంది.

ఇక కొలత. తొడ బయటివైపు కండరం మీద చర్మానికీ దాని కింది పొరకూ మత్తిస్తారు, కండరానికి ఇవ్వరు. చిన్న కోత పెట్టి, బోలు సూదితో చిన్న ముక్క తీస్తారు. తీసిన కొన్ని సెకన్లలోనే దాన్ని ద్రవ నత్రజనిలో వేయాలి. పని చెడేది ఎక్కువగా ఇక్కడే: ఆక్సిజన్ అందని ముక్కలో ఫాస్ఫోరిలేజ్ అనే ఎంజైమ్ గ్లైకోజెన్‌ని విడగొడుతూనే ఉంటుంది, ఆక్సిజన్ లేకుండా గ్లూకోజ్ విరిగితే మిగిలే లాక్టేట్ పెరుగుతుంది. గడ్డకట్టిన ముక్కను శూన్యంలో ఆరబెట్టి, రక్తం, కొవ్వు, నార ఏరేస్తారు. తర్వాత హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 100 డిగ్రీల దగ్గర సుమారు రెండు గంటలు ఉడికించి, విడివడిన గ్లూకోజ్‌ని ఎంజైమ్ పద్ధతిలో కొలుస్తారు. తడి బరువు మీద లెక్కిస్తే తప్పు దారి పడతాం, వ్యాయామం తర్వాత కండరంలో నీరు మారుతుంది. పొడి బరువు మీద లెక్కే నమ్మదగింది.

ప్రశ్న: కండరాల్లో అంత గ్లైకోజెన్ ఉంటే, రక్తంలో చక్కెర పడిపోయినప్పుడు అది ఎందుకు ఆదుకోదు?

జవాబు: గ్లైకోజెన్ నుంచి విడివడిన చక్కెరకు ఫాస్ఫేట్ అతుక్కుని ఉంటుంది. దాన్ని ఊడదీసే గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ కండరంలో ఉండదు. అది లేకుండా ఫాస్ఫేట్ ఊడదు, ఫాస్ఫేట్ ఊడని చక్కెర కణం దాటదు. రక్తానికి చక్కెర పంపే పని ప్రధానంగా కాలేయానిది. అయితే కండరం వదిలే లాక్టేట్‌ను కాలేయం తిరిగి గ్లూకోజ్‌గా మార్చగలదు, దాన్నే కోరీ చక్రం అంటారు.

ప్రశ్న: పోటీకీ పోటీకీ మధ్య కొద్ది గంటలే ఉంటే నిల్వ ఎలా నింపుకోవాలి?

జవాబు: తొలి నాలుగు గంటలు, గంటకు కిలో శరీర బరువుకు 1 నుంచి 1.2 గ్రాముల పిండిపదార్థం. 60 కిలోల మనిషికి గంటకు 60–72 గ్రాములన్నమాట. ఒకేసారి మింగితే కడుపు తిరగబడుతుంది, విడతలుగా తీసుకోవాలి. రోజంతా వ్యవధి ఉంటే ఈ హడావిడి అక్కర్లేదు, మొత్తం మోతాదు అందితే చాలు. మర్నాడు బరువు పెరిగితే కంగారు వద్దు: ఒక గ్రాము గ్లైకోజెన్ సుమారు మూడు గ్రాముల నీటిని వెంటబెట్టుకుంటుంది.