పాత లాకు గోడకి సిమెంటు పూయించొచ్చా?

మీ ఊరి దగ్గర బకింగ్‌హాం కాలువ మీదున్న పాత లాకు (నీటి మట్టం మార్చి పడవల్ని దాటించే తలుపుల కట్టడం) గోడలు పెచ్చులూడుతున్నాయి, కుర్రాళ్లంతా చందాలేసుకుని సిమెంటు పూయిద్దామనుకుంటున్నాం, మంచిదేనా అని అడిగారు. వద్దు తమ్ముడూ. ఆ పని చేసి మేం చేతులు కాల్చుకున్నాం.

మాది కావలి దగ్గర తీరంలో ఊరు. మా లాకు గోడంతా ఇటుకా, గానుగ సున్నమూ. పదేళ్ల కిందట ఒక పక్క సిమెంటు కొట్టించి, రంగులేయించి, ఫొటోలు కూడా దిగాం. రెండు వానాకాలాలు పోయాక తట్టి చూస్తే డొల్ల మోత. పెచ్చు లాగితే ఇటుక ముఖం కూడా దాంతోపాటే ఊడొచ్చింది. వెనక తెల్లగా ఉప్పు పూసి ఉంది, వేలితో గీస్తే ఎర్రటి పొడి రాలింది. డబ్బుల్లేక వదిలేసిన రెండో పక్క మాత్రం నిక్షేపంగా ఉంది!

మనవైపు ఇది ఉప్పునీటి కాలువ కదా. గోడ ఆ తడిని పీలుస్తుంది. సున్నమైతే తడి సందుల్లోంచి ఆరిపోతుంది. ఉప్పుకి రాలితే ఆ సున్నమే రాలుతుంది, మళ్లీ కూరుకోవచ్చు. సిమెంటు ఆ దారి మూసేస్తే ఉప్పు ఇటుకలోనే పేరుకుని దాన్ని పిండి చేస్తుంది.

తర్వాత ఓ ముసలి బేల్దారిని బతిమాలి తెచ్చుకున్నాం. నానబెట్టిన సున్నంలో ఇసుక, ఇటుక పొడి కలిపి సందుల్లో మాత్రమే కూరాడు. పైపూత అడిగితే తిట్టాడు. సంక్రాంతి దాటాక మొదలుపెట్టి, తడి గోనెలు కప్పి మెల్లగా ఆరనిచ్చాం. గోడలో మొలిచిన రావి మొక్కల్ని పీకనివ్వలేదు, పీకితే నాలుగు వరసల ఇటుకలు కదులుతాయట. మొదలు కోసి మందు పూశాడు.

ఇంకోటి. గట్టు రాళ్ల అంచుల్లో వేలు పట్టేంత గాళ్లుంటే పూడ్చకండి. కట్టెలు, ఉప్పు వేసుకుని మద్రాసు పోయే పడవల మోకులు ఒరుసుకుని పడినవని మా నాన్న చూపించేవాడు. 1876–78 కరువులో కూలీలు మద్రాసులో ఓ ముక్క తవ్వితే కాలువకి గవర్నరు దొర పేరు పెట్టారు. పడవలవాళ్ల గుర్తుగా మాకు మిగిలింది ఆ గాళ్లే.

కాలువ సర్కారుది కాబట్టి తాపీ పట్టేముందు నీటిపారుదల ఇంజనీరుకి అర్జీ పెట్టండి. ఈలోపు సున్నం నానేసుకోండి, దానికెలాగూ వారాలు పడుతుంది.