13 గేజ్ కాదండి, అది 12 గేజే

తాతగారి జోడు గొట్టాల తుపాకీ మీద పైన కలకత్తా దుకాణం పేరు, గొట్టాల అడుగున 13 ఉందని, 13 గేజ్ తూటాలు ఎక్కడా దొరకట్లేదని అడిగారు కదా. వెతకడం ఆపేయండి. మీరు పెట్టిన ఫోటోలో డైమండ్ గుర్తు లోపల 12, దాని కింద సీ ఉన్నాయి, చూడండి. తూటా గది కొలత అదే. 13 అనేది గొట్టం లోపలి వ్యాసం, అంటే 0.710 అంగుళాలు. గొట్టంలో సరిగ్గా పట్టే గుండ్లు పౌను సీసంతో ఎన్ని పోయవచ్చో ఆ లెక్కే గేజ్, అందుకే అంకె పెరిగితే గొట్టం సన్నబడుతుంది.

ఇక పుట్టిల్లు. కిరీటం కింద రెండు రాజదండాలు, సందుల్లో బీ, సీ, పీ అక్షరాలు: బర్మింగ్‌హామ్ తుపాకుల పరీక్షశాల ముద్ర అది. కలకత్తా వాళ్లు అమ్మారంతే. డైమండ్ గుర్తు 1887లో వచ్చింది, రాజదండాల ముద్ర 1904తో పోయింది. మీ తుపాకీ ఆ మధ్యదే.

నైట్రో ముద్ర, అంటే ఇప్పటి తూటాల్లో ఉండే పొగరాని మందుకు పరీక్షించారని చెప్పే గుర్తు, మాత్రం ఎక్కడా కనిపించలేదు. అంటే నల్లమందుకే పరీక్షించారు. లైసెన్స్ ఉన్నా సరే, ఇప్పటి తూటా అందులో పెట్టకండి.