100 మోడ్స్ ఇచ్చినా మాస్ 90 శాతం రావట్లేదు, ఫీల్డ్ మార్చేయాలా?

ప్రశ్న: ఎంటెక్ స్ట్రక్చర్స్ సెకండియర్ సర్. ప్రాజెక్ట్‌లో స్టీల్ షెడ్డుకి వైబ్రేషన్ మోడ్స్ (అది ఊగే తీరులు) తీస్తుంటే 100 ఇచ్చినా మాస్ పార్టిసిపేషన్ (వాటిలో కదిలే బరువు వాటా) 60 శాతం దాటట్లేదు, 90 కావాలి. సీనియర్ ఇంకో 200 పెంచమన్నాడు. ఇలా బటన్లు నొక్కేవాడికి ఉద్యోగం ఎవరిస్తారు, సాఫ్ట్‌వేర్‌కి వెళ్ళిపోనా?

జవాబు: ఫీల్డ్ సంగతి తర్వాత తమ్ముడూ, ముందు ఆ మోడ్ షేప్స్ యానిమేషన్ పెట్టి చూశావా లేదా? నేనైతే పందెం కాస్తా, మొదటి డెబ్భై ఎనభై మోడ్స్‌లో షెడ్డు కదలదు, పర్లిన్లూ (కప్పు రేకుల్ని మోసే కడ్డీలు) బ్రేసింగులే (ఏటవాలు కడ్డీలు) ఊగుతుంటాయి, సన్నగా పొడుగ్గా ఉంటాయి కదా, ఫ్రీక్వెన్సీ తక్కువ, అందుకే లైన్లో ముందొచ్చి నిలబడతాయి, కానీ వాటి బరువెంతని, భూకంపం లెక్కలో వాటి వాటా దాదాపు సున్నా. మన భూకంప కోడ్ ఐఎస్ 1893 ఉంది కదా, దాని 2016 ఎడిషన్ అడిగేది ఎన్ని మోడ్స్ అని కాదు, అన్నీ కలిపితే కనీసం 90 శాతం మాస్ వచ్చిందా అని. సీనియర్ చెప్పినట్టు పెంచుకుంటూ పోతే ఎప్పటికో వస్తుందేమో, ఈలోపు నువ్వు టీ తాగొచ్చినా రన్ తిరుగుతూనే ఉంటుంది.

పర్లిన్లని గీయకు, వాటి బరువు రాఫ్టర్ (కప్పు వాలు దూలం) మీద వేసెయ్. ఎక్స్ బ్రేసింగ్ రెండూ దాటే చోట అనవసరంగా జాయింట్ పడి, చివర్లేమో రిలీజ్ చేసి (తిరిగేలా వదిలేసి) ఉంటే మధ్యలో పట్టుకునేది ఏమీ ఉండదు, పక్కకి ఊగిపోతుంది, ఆ జాయింట్ తీసెయ్. అప్పటికీ రాకపోతే ఐగెన్ (మోడ్స్ తీసే మామూలు పద్ధతి) బదులు రిట్జ్ వెక్టర్స్ పెట్టు, అవి లోడ్ దిశ పట్టుకుని మొదలవుతాయి కాబట్టి తక్కువ మోడ్స్‌తోనే 90 దాటుతుంది. అలాగని ప్రతిచోటా లోకల్ మోడ్స్ (ఒక్కో ముక్క విడిగా ఊగేవి) తీసిపారేయకు, జనం నడిచే ఫుట్‌బ్రిడ్జో మెషీన్ పెట్టే ఫ్లోరో అయితే అసలు గొడవంతా వాటితోనే.

ఇక ఉద్యోగం. ఈటాబ్స్ వచ్చు స్టాడ్ వచ్చు అని డిజైన్ సాఫ్ట్‌వేర్ల పేర్లు రాసిన రెజ్యూమెలు కట్టలకొద్దీ చూశా, ఈ మోడ్ ఎందుకొచ్చింది బాబూ అంటే చెప్పేవాళ్ళు తక్కువ. నీ షెడ్డునే రెండు పేజీల్లో రాయి, సరిచేయకముందు ఎన్ని మోడ్స్, తర్వాత ఎన్ని, టైమ్ పీరియడ్ (ఒకసారి ఊగడానికి పట్టే టైమ్), బేస్ షియర్ (భూకంపంలో అడుగున పడే అడ్డ బలం) ఎంత మారాయి, అంతే. దాంతోపాటు మూడంతస్తుల ఫ్రేముకి మాస్, స్టిఫ్‌నెస్ (బిగువు) మ్యాట్రిక్స్ చేత్తో రాసి పైథాన్‌లో ఐగెన్ విలువలు తీయి. అది చేస్తుంటే మజా అనిపిస్తే కోడింగ్ వైపు వెళ్ళు, నేనేం అడ్డుపడను, కానీ దానికి స్ట్రక్చర్స్ వదలక్కర్లేదు, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్ ఎయిడెడ్ స్ట్రక్చరల్ ఇంజినీరింగ్ అని ఎంటెక్కే ఉంది.

ముందు ఇవాళ రాత్రి యానిమేషన్ పెట్టు. షెడ్డు మొత్తం ఊగేది ఏ నంబర్ మోడ్‌లో కనిపించిందో మెసేజ్ చెయ్, రెజ్యూమె అప్పుడు చూద్దాం.