రాజకుమారిని రాకెట్ ఎక్కించే ముందు

చిరంజీవి మేనకోడలికి,

మావయ్య దీవెనలు. నువ్వు పంపిన కథ రెండుసార్లు చదివాను. స్లీపింగ్ బ్యూటీని, అదే శాపం వల్ల దారం వడికే కదురు గుచ్చుకుని నూరేళ్లు నిద్రపోయే రాజకుమారిని, అంతరిక్షనౌకలో పడుకోబెట్టాలన్న ఆలోచన నాకు నచ్చింది. కానీ కోట తీసేసి నౌక పెట్టావు, శపించినామెని తీసేసి కంప్యూటర్ పెట్టావు, కదురు తీసేసి ఇంజక్షన్ పెట్టావు. వేషాలు మారాయంతే, నాటకం పాతదే.

ముందు పాత కథ చదువు, తెలుసు కదా అనుకోకుండా. 1697 నాటి ఫ్రెంచి రచయిత షార్ల్ పెరో కథనీ, 1812లో జర్మనీ గ్రిమ్ సోదరులు అచ్చువేసిన కథనీ పక్కపక్కన పెట్టుకో. రాజకుమారుడి ముద్దుతో ఆమె లేస్తుందని అందరూ అంటారు గానీ, పెరో కథలో అసలు ముద్దే లేదు. రాజకుమారుడు వచ్చి మోకరిల్లుతాడు, నూరేళ్లు నిండాయి కాబట్టి ఆ పిల్ల కళ్లు తెరుస్తుంది. గ్రిమ్ కథలో ముద్దుంది గానీ, ముళ్లకంప తనంతట తానే పూలై దారి ఇస్తుంది, గడువు తీరింది ఆ రోజే మరి. అంతకుముందు వచ్చినవాళ్లు ఆ ముళ్లలోనే చిక్కి చచ్చారు. ఇతని గొప్పల్లా సరైన రోజున రావడమే! నీ హీరో పాస్‌వర్డ్ కనిపెట్టి మూత తెరిచే నాలుగు పేజీలూ తీసెయ్.

అసలు కథ ఇంకోచోట ఉంది. గ్రిమ్ కథలో రాజు రాజ్యంలోని కదుళ్లన్నీ తగలబెట్టిస్తాడు. పిల్లకి కదురంటే ఏమిటో కూడా తెలియకుండా పెరుగుతుంది. పదిహేనో ఏట గోపురం ఎక్కితే ఒక ముసలమ్మ దారం వడుకుతూ ఉంటుంది. అంత సరదాగా గిరగిరా తిరుగుతున్నదేమిటి అని అడిగి చెయ్యి పెడుతుంది. ఎన్నడూ చూడని వస్తువు కాబట్టే కదా ముట్టుకుంది! నీ మంచికే అంటూ పెద్దవాళ్లు ఏదో దాచడం, దాచినదే వచ్చి తగలడం, నీ వయసు వాళ్లకి ఎవరైనా విడమరిచి చెప్పాలా? నీ నౌకలో పెద్దలు ఏం దాచారో తేల్చుకో. అది తేలేదాకా ఒక్క యంత్రానికి కూడా పేరు పెట్టకు.

ఇక సైన్స్. నూరేళ్లన్న అంకెని మాత్రం మార్చకు, నీ నౌక వేగాన్ని అదే చెబుతుంది. సూర్యుణ్ణి వదిలేస్తే మనకి అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ, సుమారు 4.24 కాంతి సంవత్సరాలు (వెలుగు ఒక ఏడాదిలో పోయే దూరం ఒక కాంతి సంవత్సరం). నూరేళ్లలో చేరాలంటే సెకనుకు దాదాపు 12,700 కిలోమీటర్లు పోవాలి. 1977లో బయల్దేరిన నాసా వ్యోమనౌక వాయేజర్ 1 వేగం సెకనుకు సుమారు 17 కిలోమీటర్లు. ఆ లెక్కన అంత దూరానికి డెబ్బై వేల ఏళ్లు దాటుతుంది. ఈ లెక్కంతా నీ నోట్‌బుక్‌లో ఉండనీ, కథలోకి ఒక్క వాక్యం చాలు. నేనొకసారి ఇంజన్ గురించి మూడు పేజీలు రాసి మురిసిపోయాను. మా ఇంట్లో పిల్లాడు చదివి, "ఇంతకీ ఆ అమ్మాయి ఎప్పుడు లేస్తుంది?" అని పక్కన పడేశాడు.

తల్లిదండ్రుల సంగతి కూడా తేల్చాలి. గ్రిమ్ కథలో రాజూ రాణీ కూడా నిద్రపోతారు. పెరో వాళ్లని నిద్రపుచ్చలేదు, కూతుర్ని ముద్దాడి కోట వదిలి వెళ్లిపోతారు. నేనైతే పెరో దారి పడతాను. నౌకలో వాళ్లు మెలకువగానే ముసలివాళ్లై పోతారు. పిల్ల లేచేసరికి దాచినవాళ్లు లేరు. కోపం ఉంది, కోప్పడడానికి మనిషి లేడు. ఎదురుగా ఉన్నది నాలుగో తరం కుర్రాడు. రాజకుమారి బట్టలు ముత్తవ్వల కాలం నాటివని పెరో రాజకుమారుడికి తెలుస్తుంది, పైకి మాత్రం అనడు. నీ కుర్రాడికి ఆమె మాటతీరు అలా వినిపించాలి.

గ్రిమ్ కథలో నాకు చాలా ఇష్టమైన మనిషి వంటవాడు. పనికుర్రాడి జుట్టు పట్టుకోబోతూ నిద్రలో పడిపోతాడు. నూరేళ్ల తర్వాత లేచీ లేవగానే వాడి చెంప ఛెళ్లుమనిపిస్తాడు. నీ పిల్ల కూడా ఏదో మాట సగంలో ఉండగా నిద్రపోయి ఉంటుంది కదా? లేవగానే మిగతా సగం అనాలి, వినాల్సిన మనిషి అక్కడ లేకపోయినా. మొదటి పేజీ అక్కణ్ణుంచి రాసి పంపు, మిగతా తర్వాత చూద్దాం.

మావయ్య