పోస్ట్‌మ్యాన్‌లో లాగిన్ అవుతోంది, బ్రౌజర్‌లో కావట్లేదు... కోడింగ్ మానేయాలా?

ప్రశ్న: మాది అనంతపురం. బీటెక్ ట్రిపుల్ ఈ చేశాను. బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ ఫుల్ స్టాక్ కోర్సు పూర్తి చేశాను. మొన్న ఒక చిన్న కంపెనీ ఇంటర్వ్యూలో పని చేయని లాగిన్ పేజీ ఇచ్చి సరిచేయమన్నారు. సర్వర్‌కు నేరుగా రిక్వెస్ట్‌లు పంపి చూసే పోస్ట్‌మ్యాన్ టూల్‌లో లాగిన్ అవుతోంది, బ్రౌజర్‌లో మాత్రం కార్స్ ఎర్రర్ (వేరే చోట ఉన్న సర్వర్‌తో మాట్లాడకుండా బ్రౌజర్ అడ్డుకోవడం). ఎక్కడో చూసిన గుర్తుతో, రిక్వెస్ట్ పంపే ఫెచ్ ఫంక్షన్‌లో నో-కార్స్ మోడ్ పెట్టాను. ఎర్రర్ పోయింది కానీ లాగిన్ కాలేదు, ఈలోగా టైమ్ అయిపోయింది. కోడింగ్ నాకు రాదేమోనని టెన్షన్‌గా ఉంది. ఇంకో 60 వేలు కట్టి టెస్టింగ్ కోర్సులో చేరమని నాన్న అంటున్నారు. చేరమంటారా?

జవాబు: ఆ 60 వేలు ప్రస్తుతానికి నాన్నగారి దగ్గరే ఉండనివ్వండి.

పోస్ట్‌మ్యాన్‌లో అవుతోంది, బ్రౌజర్‌లో కావట్లేదు అని నాకు రాశారు. ఇదే ముక్క ఇంటర్వ్యూ చేసినాయనతో పైకి అన్నారా? సర్వర్ నడుస్తోంది, డేటాబేస్ అందుతోంది, పాస్‌వర్డ్ సరిచూసే కోడ్ బాగానే ఉంది అని దాంతోనే తేలిపోయింది కదా. ఇక వాటి జోలికి పోనక్కర్లేదు. ఫ్రెషర్ల నుంచి ఇలాంటి టాస్కుల్లో ముఖ్యంగా చూసేది ఇదే: రిక్వెస్ట్ ఎక్కడ ఆగిందో చెప్పగలడా, లేక కనిపించిన ఫైలల్లా మారుస్తూ పోతాడా?

మీ రియాక్ట్ పేజీ లోకల్‌హోస్ట్‌లో 5173 పోర్టు మీద, సర్వర్ 5000 మీద ఉన్నాయనుకుందాం. పోర్టు మారితే చాలు, బ్రౌజర్ దాన్ని వేరే ఆరిజిన్, అంటే వేరే చోటు కింద లెక్కేస్తుంది. పైగా మీరు పంపేది జేసన్ అనే ఫార్మాట్‌లో ఉన్న డేటా. అందుకని అసలు పోస్ట్ రిక్వెస్ట్ కంటే ముందు ఆప్షన్స్ అనే రిక్వెస్ట్ పంపి, ఫలానా చోటి నుంచి వస్తే ఒప్పుకుంటావా అని సర్వర్‌ను అడుగుతుంది. సర్వర్ తన హెడర్లలో సరేనంటేనే పోస్ట్ కదులుతుంది. పోస్ట్‌మ్యాన్‌కు ఈ తనిఖీతో పని లేదు. అంటే అనుమతి ఇవ్వాల్సింది సర్వర్. డెవలప్‌మెంట్‌లో ప్రాక్సీ (మధ్యలో ఉండి రిక్వెస్ట్‌ను సర్వర్‌కు చేర్చేది) పెట్టుకునే దారి ఉన్నా, అది మీ మెషీన్ వరకే.

ఇక నో-కార్స్. చాలామంది దీన్ని తనిఖీ ఎత్తేసే స్విచ్ అనుకుంటారు, కాదు. 'జవాబు నాకు చూపించకపోయినా ఫర్వాలేదు, పంపేయ్' అని బ్రౌజర్‌కు చెప్పడం అది. ఆ మోడ్‌లో కంటెంట్ టైప్ జేసన్ అని పెట్టినా బ్రౌజర్ ఒప్పుకోదు. మీ డేటా మామూలు టెక్స్ట్‌గా వెళ్తుంది. సర్వర్ ఎక్స్‌ప్రెస్ ఫ్రేమ్‌వర్క్‌లో రాసి ఉంటే, జేసన్ చదివే మిడిల్‌వేర్ దాన్ని ముట్టుకోదు. ఈమెయిల్ లేదు, పాస్‌వర్డ్ లేదు, సర్వర్ ఏం చేస్తుంది పాపం! ఇటు మీ కోడ్‌కేమో స్టేటస్ 0 అని వస్తుంది. అలా ఉన్న ఒక్క ఆధారాన్నీ, ఆ ఎర్రర్‌ను, మీరే చెరిపేసుకున్నారు. ఎఫ్12 కొట్టి నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఆ రిక్వెస్ట్ మీద నొక్కి ఉంటే, ఏ హెడర్‌తో వెళ్లిందో కనిపించేది.

కార్స్ సర్దుకున్నాక ఇంకో తిరకాసు ఉంటుంది, ఇంటర్వ్యూల్లో దీన్నీ అడుగుతారు. లాగిన్‌కు 200 (సరే అని) వస్తుంది, తర్వాతి పేజీకి వెళ్లగానే 401 (మీరెవరో తెలియదు అని). కుకీతో నడిచే లాగిన్ అయితే, కుకీ కూడా వెళ్లేలా ఫెచ్‌లో క్రెడెన్షియల్స్‌కు ఇన్‌క్లూడ్ అని ఇవ్వాలి. సర్వర్ వైపు క్రెడెన్షియల్స్‌కు అనుమతి ఉండాలి, ఆరిజిన్ దగ్గర (ఎవరైనా సరే అనే) నక్షత్రం గుర్తు పెడితే చెల్లదు, అడ్రస్ పూర్తిగా రాయాలి. లోకల్‌లో బాగా నడిచి, ఫ్రంట్ ఎండ్ ఒక డొమైన్‌లో, సర్వర్ వేరే డొమైన్‌లో పెట్టగానే ఆగిపోతే కుకీకి సేమ్‌సైట్ నన్, సెక్యూర్ అనే సెట్టింగ్‌లు రెండూ ఉన్నాయో లేదో చూడండి. అన్నట్టు, 401 వచ్చినా ఫెచ్ క్యాచ్‌లోకి (ఎర్రర్‌ను పట్టుకునే కోడ్‌లోకి) వెళ్లదు. రెస్పాన్స్ స్టేటస్ మనమే చూసుకోవాలి.

మిగతా నంబర్లు త్వరగానే వచ్చేస్తాయి: 404 అయితే అడ్రస్ చూసుకోండి, 403 అయితే అనుమతులు, 500 అయితే బ్రౌజర్ వదిలేసి సర్వర్ లాగ్ తెరవండి.

టెస్టింగ్ తక్కువ పని అని నేను అనను. నచ్చితే వెళ్లండి, కోడింగ్ రాదన్న భయంతో మాత్రం వద్దు. ఏపీఐ టెస్టింగ్‌కు వెళ్లినా ఈ హెడర్లు, కుకీలు, స్టేటస్ కోడ్‌లే ఎదురవుతాయి. అప్లికేషన్ సపోర్ట్ ఉద్యోగాలకు కూడా అప్లై చేయండి. షిఫ్టులు ఉంటాయి, నిజమే. కానీ లాగిన్ కావట్లేదన్న టికెట్లు నాలుగు నెలలు చూస్తే వచ్చే పట్టు ఏ కోర్సులోనూ రాదు.

మారతహళ్లిలో ఉన్నారు కాబట్టి ఇది కూడా చెప్పాలి. డబ్బు కడితే ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇప్పిస్తాం అనేవాళ్లు తగులుతారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ సర్వీస్ హిస్టరీ చూసే కంపెనీలున్నాయి. చేరాక దొరికితే ఉద్యోగమే పోతుంది. అటు వెళ్లకండి.

ఈ వారం మీ ప్రాజెక్టులో లాగిన్‌ను కావాలనే చెడగొట్టండి. జేసన్ మిడిల్‌వేర్ తీసేసి చూడండి, పోర్టు మార్చండి, క్రెడెన్షియల్స్ తీసేయండి. ప్రతిసారీ నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఏం కనిపించింది, కారణం ఏమిటి అన్నది గిట్‌హబ్ రీడ్‌మీలో మీ మాటల్లో రాయండి. మొన్నటి టాస్క్ కూడా గుర్తున్నంతవరకు పూర్తి చేసి, తప్పు ఎక్కడుందో, ఎలా సరిచేశారో నాలుగు లైన్లు ఆ కంపెనీ హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టండి. చిన్న కంపెనీల్లో అలాంటి మెయిల్ చూసి రెండోసారి పిలిచే అవకాశం ఉంటుంది. ఇంకో ఇంటర్వ్యూ ఇప్పించమని కాకుండా, మీ టాస్క్ పూర్తి చేశాను చూడండి అని రాయండి.