టెక్ సందేహాలు: పాత వాయిద్యం ఆన్‌లైన్‌లో కొంటున్నారా?

ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల గురించి వచ్చే ప్రశ్నల మధ్య ఈసారి కీబోర్డులు, వయొలిన్లు, వీణల గురించి కూడా చాలామంది అడిగారు. పిల్లలకు సంగీతం నేర్పించాలని ఉంటుంది, కొత్త వాయిద్యం కొనడానికి చేతిలో అంత డబ్బు ఉండదు. అలాంటప్పుడు సెకండ్ హ్యాండ్ యాప్‌లు చూడటంలో తప్పేమీ లేదు. జాగ్రత్తగా వాడుకున్న పాత కీబోర్డు చాలాసార్లు చవకరకం కొత్తదానికంటే బాగుంటుంది కూడా. చిక్కల్లా ఒక్కటే. వాయిద్యాన్ని చెవితో విని కొనాలి. యాప్ మనకు చూపించేది ఫొటో.

*

*మా అమ్మాయి అయిదో తరగతి, కీబోర్డు నేర్చుకుంటోంది. ఒక యాప్‌లో యమహా పీఎస్ఆర్-ఐ500 ఆరు వేలకే పెట్టారు. అమ్మే ఆయన ఆర్మీలో ఉన్నారట, బదిలీ అయిందట. వస్తువు క్యాంపు లోపల ఉంది కాబట్టి వచ్చి చూడటం కుదరదంటున్నారు. ఐడీ కార్డు ఫొటో కూడా పంపారు. పార్సిల్ ఖర్చు 1,500 ముందుగా పంపితే చాలంటున్నారు. పంపనా?*
– ఒక తల్లి, ఖమ్మం

వద్దమ్మా. ఒక్క రూపాయి కూడా పంపకండి. ఇది బాగా పాతబడిన మోసం. సైనికుడంటే మనకుండే గౌరవాన్ని వాడుకుంటారు. ఆ ఐడీ కార్డు ఇంకెవరిదో అయి ఉంటుంది. మీరు 1,500 పంపగానే పార్సిల్ గేటు దగ్గర ఆగిందంటారు, ఇన్సూరెన్స్ కట్టాలంటారు, జీఎస్టీ అంటారు. 'ఇదంతా మీకు తిరిగి వచ్చే డబ్బే' అని నమ్మిస్తారు. చివరికి రీఫండ్ పేరుతో ఒక క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టమంటారు. మన ఖాతాలోకి డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదు. పిన్ కొట్టామంటే డబ్బు బయటికి పోతున్నట్టే.

అమ్మేది ఎవరైనా సరే, అసలు మనిషో కాదో తేల్చుకోవడానికి నేను వాడే పద్ధతి ఒకటుంది. ఒక కాగితం మీద ఈరోజు తేదీ, మీ అమ్మాయి పేరు రాయించి, దాన్ని కీబోర్డు మీద పెట్టి వీడియో కాల్‌లో చూపించమనండి. ఆ కాల్‌లోనే సరిగమలు కింది నుంచి పైకి ఒకసారి వాయించమనండి. వస్తువు నిజంగా ఉన్నవాళ్లకు ఇది రెండు నిమిషాల పని. మోసగాడు మాత్రం నెట్‌వర్క్ లేదనో, డ్యూటీలో ఉన్నాననో తప్పించుకుంటాడు. ప్రకటనలోని ఫొటోను గూగుల్ లెన్స్‌లో వెతికి చూడండి. అదే ఫొటో ఇంకో ఊరి ప్రకటనలోనో, ఏదైనా షాపు పేజీలోనో కనిపిస్తే ఇక ఆలోచించనక్కర్లేదు.

ఇప్పటికే పంపేసిన వాళ్లుంటే సిగ్గుపడి ఊరుకోకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, మీ బ్యాంకుకూ చెప్పండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. ఆ డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దాటిపోయేలోపే ఆపాలి కాబట్టి, రేపు చూద్దాంలే అనుకోవద్దు.

*

*నేను మా చర్చిలో కీబోర్డు వాయిస్తాను. పక్క ఊళ్లో ఒకాయన పాత యమహా పీఎస్ఆర్ అమ్ముతున్నారు, ఆదివారం ప్రార్థన అయ్యాక వెళ్లి చూద్దామనుకుంటున్నాను. వాయించడం వచ్చు గానీ లోపల ఏం పాడైందో ఎలా తెలుస్తుంది?*
– ఒక పాఠకుడు, రాజమండ్రి

వెళ్లి చూస్తానన్నారు, అదే మంచి పని. పగటిపూటే వెళ్లండి, గంటసేపు పట్టేలా వెళ్లండి. వెళ్లగానే మీకు నచ్చిన పాట వాయించకండి. పాట వాయిస్తుంటే చెయ్యి అలవాటైన చోట్లకే పోతుంది, చివరి కీస్ ముట్టుకోము. వాల్యూమ్ మధ్యలో పెట్టి, పియానో టోన్‌లో, టచ్ రెస్పాన్స్ (గట్టిగా నొక్కితే గట్టిగా మోగే సెట్టింగు) ఆన్ చేసి, 61 కీస్‌ను ఎడమ చివరి నుంచి ఒక్కొక్కటిగా, వీలైనంత మెల్లగా నొక్కుతూ రండి. తర్వాత అదే వరుస గట్టిగా.

మెల్లగా ఎందుకంటే, జబ్బు బయటపడేది అక్కడే. ప్రతి కీ కింద రబ్బరు బుడిపె ఉంటుంది. దాని లోపల రెండు నల్లటి కార్బన్ చుక్కలు. కీ నొక్కినప్పుడు ఒకటి ముందు, రెండోది రవ్వంత వెనక కింద ఉన్న సర్క్యూట్‌ను తాకుతాయి. ఆ రెండింటికీ మధ్య పట్టిన సమయాన్ని బట్టే మీరు ఎంత గట్టిగా కొట్టారో కీబోర్డు లెక్కగడుతుంది. దుమ్మో తేమో చేరి ఒక చుక్క సరిగ్గా తాకకపోతే ఆ లెక్క తప్పుతుంది. మెల్లగా నొక్కినా ఖంగుమని మోగుతుంది, లేదంటే అసలు మోగదు. ఇలాంటివి ఒకటి రెండు ఉంటే విప్పి శుభ్రం చేయిస్తే చాలాసార్లు బాగవుతాయి, ఆ మేరకు బేరమాడండి. పది పన్నెండు కీస్ అలా ఉంటే వదిలేసి వచ్చేయండి.

చెవి మీద నమ్మకం చాలకపోతే ఫోన్ సాయం తీసుకోండి. కీబోర్డు వెనక 'యూఎస్‌బీ టు హోస్ట్' పోర్టు ఉంటే ప్రింటర్ కేబుల్, ఓటీజీ ముక్కతో ఆండ్రాయిడ్ ఫోన్‌కు కలపండి. మిడి మానిటర్ (కీబోర్డు పంపే సంకేతాలను చూపించే) రకం యాప్ ఏదైనా తెరిస్తే మీరు నొక్కిన ప్రతి కీకీ వెలాసిటీ, అంటే ఎంత బలంగా కొట్టారో చెప్పే అంకె కనిపిస్తుంది, 1 నుంచి 127 వరకు. పక్కపక్క కీస్‌ను ఒకే బలంతో నొక్కినప్పుడు 40, 43, 38 అని వస్తూ మధ్యలో ఒకటి 127 చూపిస్తే తప్పు దానిదే. అంకె చూపించాక అమ్మేవాళ్లతో వాదన కూడా ఉండదు.

కొన్నిసార్లు పాత సెట్టింగుల వల్ల శ్రుతి తేడాగా ఉండి, వాయిద్యమే పాడైందేమో అనిపిస్తుంది. యమహా పీఎస్ఆర్-ఈ, పీఎస్ఆర్-ఐ రకాల్లో అన్నిటికంటే కుడివైపున్న తెల్ల కీని నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేస్తే సెట్టింగులన్నీ మొదటికి వస్తాయి. ఆయన దాచుకున్నవి చెరిగిపోతాయి కాబట్టి ముందు అడిగి చేయండి.

బ్యాటరీ మూత తప్పకుండా తీసి చూడండి. స్ప్రింగుల మీద తెల్లగానో పచ్చగానో పొడి కనిపిస్తే పాత బ్యాటరీలు కారాయని అర్థం. హెడ్‌ఫోన్ పెట్టి, తీసి, రెండు స్పీకర్లూ మళ్లీ మోగుతున్నాయో లేదో వినండి. వాల్యూమ్ తిప్పుతుంటే కరకరమంటోందా? లావు బేస్ నోట్లకు స్పీకర్ గరగరమంటోందా? సస్టైన్ పెడల్ (కాలితో నొక్కి స్వరాన్ని సాగదీసేది) మీ సొంతది తీసుకెళ్లి పెట్టి చూడండి. కనీసం ఇరవై నిమిషాలు ఆన్‌లోనే ఉంచండి, వేడెక్కాక ఆగిపోయేవి కూడా ఉంటాయి.

అడాప్టర్ సంగతి మాత్రం నా అనుభవంతో చెప్తాను. కొన్నేళ్ల కిందట ఒక పాత కీబోర్డు అడాప్టర్ లేకుండా కొన్నాను. ఇంట్లో ఉన్నదాని పిన్ను చక్కగా సరిపోయింది కదా అని పెట్టాను. దీపం కూడా వెలగలేదు, బోర్డు పోయింది. పిన్ను సరిపోతే చాలదు. యమహా పీఎస్ఆర్‌లలో ఎక్కువ వాటికి 12 వోల్టులు, పిన్ను మధ్యలో ప్లస్. రోలాండ్, బాస్ చిన్న పరికరాలు చాలావాటికి 9 వోల్టులు, మధ్యలో మైనస్. గుండ్రటి బొమ్మలో ప్లస్, మైనస్ గుర్తులు కీబోర్డు వెనకా, అడాప్టర్ మీదా రెండు చోట్లా ఉంటాయి. రెండూ ఒకటైతేనే పెట్టండి. ఆ రోజు ఆ గుర్తు చూసే నిమిషం నేను తీసుకోలేదు, మీరు తీసుకోండి.

అడుగున సీరియల్ నంబరు స్టిక్కరు గీకేసి ఉంటే ధర ఎంత తక్కువైనా కొనకండి. అది ఇంకో చర్చిలోనో, స్కూల్లోనో పోయినదై ఉండొచ్చు. బిల్లు ఉంటే తీసుకోండి, లేకపోతే అమ్మినట్టు పేరు, తేదీ, సీరియల్ నంబరుతో ఒక కాగితం రాయించుకోండి.

*

*ఇంట్లో పాటలు రికార్డు చేసుకోవడానికి పాత ఆడియో ఇంటర్‌ఫేస్ కొంటున్నాను. దాంతోపాటు వచ్చిన సాఫ్ట్‌వేర్లన్నీ ఇచ్చేస్తానని అమ్మే అతను అంటున్నాడు. మంచి బేరమేనా?*
– ఒక విద్యార్థి, వరంగల్

ఆడియో ఇంటర్‌ఫేస్ అంటే మైకునూ వాయిద్యాన్నీ కంప్యూటర్‌కు కలిపే పెట్టె. ఆ పెట్టెకు మాత్రమే ధర కట్టండి. ఆ సాఫ్ట్‌వేర్ సాధారణంగా మొదట రిజిస్టర్ చేసుకున్నవాళ్ల ఖాతాకు ముడిపడి ఉంటుంది. లైసెన్సు మీ పేరుకు మార్చడానికి కంపెనీ ఒప్పుకుంటేనే అది మీది. అతను తన పాస్‌వర్డ్ ఇస్తానంటే తీసుకోకండి, రేపు మార్చేస్తే మీ చేతిలో ఏమీ మిగలదు. కొనేముందు ఆ మోడల్‌కు మీ కంప్యూటర్‌లోని విండోస్ లేదా మ్యాక్‌కు డ్రైవర్ ఉందో లేదో కంపెనీ సైట్‌లో చూడండి. ఫైర్‌వైర్ పోర్టు ఉన్న పాతవాటి జోలికి వెళ్లొద్దు, ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఆ పోర్టే లేదు. కండెన్సర్ మైకు (బయటి నుంచి కరెంటు అందితేనే పనిచేసే రకం) ఒకటి అరువు తెచ్చుకుని, ఆ కరెంటు ఇచ్చే 48 వోల్టుల బటన్ నొక్కి, అన్ని ఇన్‌పుట్‌లలోనూ గొంతు వస్తోందో చూడండి.

*

*ఒక పాత వయొలిన్ ఆన్‌లైన్‌లో రెండు లక్షలకు ఉంది. లోపల స్ట్రాడివేరియస్, 1721 అని చీటీ ఉంది. ఫొటో ఏఐ యాప్‌లో పెడితే చీటీ అసలుదే అనిపిస్తోందని చెప్పింది. ధైర్యం చేయొచ్చా?*
– ఒక పాఠకుడు, విజయనగరం

ఆ చీటీని చూసి ఒక్క వెయ్యి కూడా ఎక్కువ పెట్టకండి. ఇటలీలోని క్రెమోనాలో ఉండిన ఆంటోనియో స్ట్రాడివరి 1737లో చనిపోయాడు. ఆయన చేసినవాటిలో ఇప్పటికి మిగిలినవి సుమారు 650. ఎక్కువవాటి చరిత్ర చేతులు మారిన ప్రతిసారీ నమోదై ఉంటుంది. నిజంగా 1721లోనే చేసిన 'లేడీ బ్లంట్' వయొలిన్ 2011లో వేలంలో దాదాపు ఒక కోటీ 59 లక్షల డాలర్లు పలికింది. అలాంటిది రెండు లక్షలకు యాప్‌లో పెట్టరు కదా.

మరి ఆ చీటీ ఎక్కడిది? 19వ శతాబ్దంలో జర్మనీ, బొహీమియా ప్రాంతాల వర్క్‌షాపుల్లో వయొలిన్లు లెక్కలేనన్ని తయారయ్యాయి. స్ట్రాడివరి నమూనాలో చేశామని చెప్పడానికి ఆయన పేరుతో లాటిన్‌లో అచ్చువేసిన చీటీలు అంటించేవాళ్లు. అప్పట్లో కొన్నవాళ్లకు ఆ సంగతి తెలుసు. మూడు తరాలు గడిచాక ఇంట్లోవాళ్లు నిజమనుకుంటారు. అమ్మే ఆయన మోసగాడే కానక్కర్లేదు, నమ్మి కూడా ఉండొచ్చు.

ఏఐ యాప్ చదివింది చీటీని. చెక్కను అది పట్టుకోలేదు, తట్టలేదు. నిపుణులు చెక్కలోని వలయాలను కొలిచి ఆ చెట్టు ఏ కాలానిదో లెక్కగడతారు. ఫొటో చూసి యాప్ ఇచ్చిన సమాధానాన్ని ఆ పరీక్ష పక్కన పెట్టి చూడలేం.

అలాగని ఆ వయొలిన్ పనికిరానిదనీ అనను. ఆ పాత జర్మన్ వయొలిన్లలో మంచి నాదం ఉన్నవి ఉన్నాయి. ఫోన్ టార్చి ఎఫ్ ఆకారపు రంధ్రం మీద వేసి, రెండో రంధ్రంలోంచి చూడండి. లోపల సన్నటి చెక్కపుల్ల నిటారుగా నిలబడి ఉండాలి, పై పలక మీద దాని దగ్గర పగులు ఉండకూడదు. మీరున్నది 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన ఊరు. వయొలిన్ తెలిసిన చెవి అక్కడ తప్పకుండా దొరుకుతుంది. అలాంటి గురువుగారి చేత ఒక్క పది నిమిషాలు వాయించి చూపించండి. వాయిద్యంగా దాని విలువెంతో ఆయన చెప్తారు, ఆ ధరే ఇవ్వండి.

*

*మా పాపకు బొబ్బిలి వీణ కావాలి. ఇండియాలో ఒకరు పాతది అమ్ముతున్నారు. వాట్సాప్ వీడియోలో వాయించి చూపించారు గానీ నాదం పొడిపొడిగా, తెగిపోతున్నట్టు వినిపించింది. వీణ బాగాలేదా?*
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

అది వీణ తప్పు కాకపోవచ్చు. వీడియో కాల్ యాప్‌లు మాట కోసం తయారైనవి. ఫ్యాను హోరులాంటి ఆగని శబ్దాన్ని అవి రొదగా భావించి తగ్గించేస్తాయి. వీణ మీటాక సాగే అనురణనం కూడా వాటికి అలాగే వినిపిస్తుంది. జూమ్‌లో సంగీతకారుల కోసం 'ఒరిజినల్ సౌండ్' అనే సెట్టింగు ఉంది. వాయించేవాళ్ల వైపు అది ఆన్ చేయించండి. ఇంకా నయం, గది తలుపులు మూసి ఫోన్‌లో రికార్డు చేయించి, ఆ ఫైలును వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపమనండి. వాయిస్ మెసేజ్‌గా వద్దు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.

ఏం వాయించాలో మీరే చెప్పండి. నాలుగు ప్రధాన తీగల మీద 24 మెట్లూ ఒక్కొక్కటిగా మీటించండి. ఏ మెట్టు దగ్గర తీగ జిర్రుమంటుందో, ఏ స్వరం కిందికి జారుతుందో ట్యూనర్ యాప్ తెరిచి పెట్టుకుంటే మీకే కనిపిస్తుంది. రెండు మూడు మెట్లు తేడాగా ఉంటే కంగారు పడకండి. మెట్లు మైనం మీద కూర్చుంటాయి, ఎండకు, ప్రయాణానికి కదులుతాయి. వీణ వచ్చాక మేళం కట్టించాల్సిందే, అంటే మెట్లను మైనంలో మళ్లీ శ్రుతికి సరిగ్గా కూర్చోబెట్టించాల్సిందే అనుకుని ఆ ఖర్చూ లెక్కలో వేసుకోండి. మీ దగ్గర్లో ఆ పని చేయగలవాళ్లు ఎవరున్నారో కొనకముందే మీ వీణ టీచర్‌ను అడగండి.

అసలు బొబ్బిలి వీణ గొల్లపల్లి కళాకారులు ఒకే పనస దుంగలోంచి తొలిచేది. కుండ (గుండ్రటి భాగం), దండి (పొడవాటి మెడ) కలిసే చోట దగ్గరగా ఫొటో అడగండి, అతుకు గీత కనిపించకూడదు. పక్కన మనిషి నిలబడిన ఫొటో కూడా అడగండి. బహుమతులుగా ఇచ్చే చిన్న బొమ్మ వీణలు కూడా ఆ ఊళ్లోనే తయారవుతాయి, ఒంటరి ఫొటోలో రెండూ ఒకేలా కనిపిస్తాయి.

బాగా పాత వీణ అయితే తెల్లటి నగిషీ దేనితో చేశారో తప్పకుండా అడగండి. ఏనుగు దంతమైతే అందంగా ఉందని కొనకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇండియాలో దాని వ్యాపారం నిషేధం, అమెరికా కస్టమ్స్‌లోనూ ఆగిపోతుంది. ప్లాస్టిక్ నగిషీ అయితే ఏ ఇబ్బందీ లేదు.

ఇక పంపేటప్పుడు తీగలన్నీ వదులు చేసి, గుర్రం (తీగలు ఆనే చిన్న వంతెన) కదలకుండా మెత్తటి గుడ్డ కట్టి, సొరకాయబుర్ర విప్పి వేరే పెట్టెలో పెట్టమనండి. ప్యాకింగ్ అంతా వీడియో తీయించండి. పెట్టె మీ ఇంటికి వచ్చాక మీరు విప్పేటప్పుడూ ఫోన్ ఆన్ చేసి పెట్టుకోండి. ఏదైనా విరిగి ఉంటే ఇన్సూరెన్స్‌వాళ్లకు చూపించాల్సింది ఆ రెండు వీడియోలే.